నడుస్తున్న బండ



ఎండాకాలం మొదలైతే మన నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో ఎక్కడో ఒకచోట బోరుబండి చప్పుడు వినబడుతూనే ఉంటుంది. రైతు పక్కనే నిలబడి, బోరులోంచి ఎగజిమ్మే దుమ్మును చూస్తుంటాడు. ఆ దుమ్ము రంగులు మారుతుంది. మొదట ఎర్రమట్టి. తర్వాత మొరం. ఆ తర్వాత బూడిదరంగు పిండి, లేదా లేత గులాబీ పిండి. ఒక్కోసారి ఉన్నట్టుండి నల్లపిండి లేస్తుంది. "నల్లరాయి తగిలింది" అంటాడు బండి మీది మనిషి. రైతు మొహం వాడిపోతుంది.

ఇవాళ మనం ఆ పిండి వచ్చిన చోటికి పోదాం. అక్కడ ఆగకుండా ఇంకా లోతుకు పోదాం.

మన దగ్గర బోరు బాగా లోతుకు పోయిందంటే వెయ్యి అడుగులు. అంటే మూడు వందల మీటర్లు. అదే మనకు పాతాళం అనిపిస్తుంది. కానీ మన కింద ఉన్న ఈ రాతి పొర మందం దాదాపు 35 కిలోమీటర్లు. వెయ్యి అడుగుల బోర్లు నూటికి పైగా, ఒకదాని కింద ఒకటి వేసుకుంటూ పోతే తప్ప ఈ పొర దాటలేం. దీన్నే భూపటలం అంటారు. భూమికి ఇది పైతోలు మాత్రమే. భూమి నడిబొడ్డు ఇక్కడికి దాదాపు 6,370 కిలోమీటర్ల లోతున ఉంది. రష్యాలో కోలా అనే చోట ఏండ్ల తరబడి తవ్వి, మనిషి వేసిన అన్నిటికంటే లోతైన బోరు వేశారు. అదీ పన్నెండు కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. పైతోలు కూడా దాటలేదు.

మరి లోపల ఏముందో ఎట్లా తెలిసింది? భూకంపాలు చెప్పాయి. భూమి ఒకచోట అదిరితే ఆ అదురు అలలుగా లోపలినుంచి ప్రయాణం చేసి అవతలి వైపు తేలుతుంది. గట్టి రాయిలో వేగంగా పోతుంది. వేడెక్కి మెత్తబడ్డ రాయిలో నెమ్మదిస్తుంది. ఒకరకం అల ఉంది, అది ద్రవంలోకి అసలే పోలేదు. అలలు ఎక్కడ ఎంత ఆలస్యంగా వచ్చాయి, ఎక్కడ రాకుండా పోయాయి అని లెక్క కడితే లోపలి పొరలు బయటపడతాయి. ఈ విద్యకు మన దేశంతో దగ్గరి సంబంధం ఉంది. 1897లో అస్సాంలో పెద్ద భూకంపం వచ్చింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేస్తున్న ఓల్డ్‌హామ్ దాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. ఆ అలల రకాలను విడదీసి చూపించాడు. 1906లో, భూమికి నడిమధ్యన వేరే పదార్థంతో ఒక గుండె ఉందని అలల సాక్ష్యంతోనే చెప్పాడు. ఆ గుండెలో మళ్ళీ ఒక గట్టి గుండు ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ కనిపెట్టింది.

మూడు మాటలు గుర్తుంచుకోండి. పైన పటలం. దాని కింద, 2,900 కిలోమీటర్ల లోతు దాకా, ప్రావారం. అది దాటితే కేంద్రం. పటలం, ప్రావారం, కేంద్రం. కేంద్రంలో ఎక్కువ భాగం ఇనుము. బయటి వైపు కరిగిన ఇనుము, లోపల గట్టి ఇనుము.

ప్రావారం గురించి ఒక అపోహ ఉంది. కింద అంతా కరిగిన లావా ఉడుకుతున్నదనీ, దాని మీద మనం తేలుతున్నామనీ చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. ప్రావారం దాదాపు అంతా గట్టి రాయే. కానీ అది బెల్లం గడ్డ వంటి గట్టితనం. సుత్తితో కొడితే బెల్లం పగులుతుంది. అదే గడ్డను వానాకాలమంతా మూలన పెట్టి మరిచిపోతే కిందికి జారి, పరుచుకొని ఉంటుంది. ప్రావారంలోని రాయి కూడా ఇంతే. భూకంపపు అలకు అది గట్టి రాయి. లక్షల ఏండ్లకు అది పారే పదార్థం. లోపలి వేడికి కింది రాయి మెల్లగా పైకి లేస్తుంది. చల్లబడ్డ రాయి మెల్లగా కిందికి దిగుతుంది. ఆ దిగే బరువు, ఆ కదలిక కలిసి పైనున్న పలకలను లాగుతాయి. పలక అంటే పటలమూ, దానికి అంటుకున్న ప్రావారపు పైభాగమూ కలిసిన రాతి ఫలకం. భూమి మీద ఇలాంటి పెద్ద పలకలు పదో పన్నెండో ఉన్నాయి. మనం భారత పలక మీద ఉన్నాం. హిమాలయాలు దానికి ఒక అంచు. అండమాన్ వైపు సముద్రం కింద ఇంకో అంచు. 2004 డిసెంబర్ 26న సునామీ పుట్టింది ఆ రెండో అంచులోనే. మన నల్లగొండ, మన పాలమూరు అంచులకు దూరంగా, పలక నడిమధ్యన ఉన్నాయి.

ఇప్పుడు చౌటుప్పల్ పోదాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో మీలో చాలామంది ఆ ఊరు దాటి ఉంటారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు, అంటే ఎన్‌జీఆర్‌ఐకి, అక్కడ ఒక అయస్కాంత పరిశీలన కేంద్రం ఉంది. నగరంలో కరెంటు తీగలు, రైళ్ళు, యంత్రాలు చేసే రొదలో సున్నితమైన కొలతలు దొరకవు. అందుకే దూరంగా పెట్టుకున్నారు. అలాంటి కేంద్రాల్లో పరికరాలుండే గదుల దగ్గరికి ఇనుప వస్తువు రానివ్వరు. చిన్న ఇనుప ముక్క కూడా కొలతను చెడగొడుతుంది. అక్కడ కొలిచేది భూమి అయస్కాంత శక్తిని. ఆ శక్తి ఎక్కడ పుడుతుంది? మన కాళ్ళ కింద 2,900 కిలోమీటర్లు దాటినాక, ఆ కరిగిన ఇనుము సుడులు తిరుగుతున్న చోట. భూమి గుండెలో జరిగే కదలికను చౌటుప్పల్‌లో ఒక నిశ్శబ్దమైన గదిలో రోజూ రాసి పెడుతున్నారు. మన జిల్లా పిల్లలకు ఈ సంగతి పాఠంగా చెప్పాలని నాకు ఎంతో కోరిక.

ఇక మన రాయి దగ్గరికి వద్దాం. భువనగిరి కోట చూడండి. అంత పెద్ద గుట్ట, అతుకు లేని ఒకే బండ. దేవరకొండ, రాచకొండ, నల్లగొండ పట్నం పక్క గుట్టలు, పాలమూరు దారిపొడవునా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, ఇవన్నీ ఒక కుటుంబం. గ్రానైటు, దానికి చుట్టమైన నైసు. వయసు దాదాపు 250 కోట్ల ఏండ్లు.

కంకర మిల్లు దగ్గరో, ఇంటి పునాది దగ్గరో కొత్తగా పగిలిన గ్రానైటు ముక్క దొరికితే చేతిలోకి తీసుకోండి. ఎండకు పట్టి తిప్పండి. లేత గులాబీ రంగులో బల్లపరుపుగా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. గాజుపెంకులా మసకగా కనబడేది క్వార్ట్జ్, మన పలుగురాయి జాతి. నల్లగా, గోటితో గీకితే పొరలుగా లేచే రేకులు అభ్రకం. ఈ గింజలు కంటికి కనబడేంత పెద్దగా ఉన్నాయంటే దానికొక కారణం ఉంది. కరిగిన రాయి త్వరగా చల్లారితే గింజలు పెరగవు. ఇక్కడ పెరిగాయి. అంటే ఈ రాయి నేల మీద చల్లారలేదు. కిలోమీటర్ల లోతున, లక్షల ఏండ్లు తీసుకొని చల్లారింది. మరి ఇవాళ మన కళ్ళ ముందు ఎట్లా ఉంది? దాని మీద ఒకప్పుడున్న కిలోమీటర్ల మందం రాయి అంతా వానకు, ఎండకు, గాలికి అరిగిపోయింది. మనం చూసే గుట్ట, ఒకనాటి పర్వతాల అడుగుభాగం. ఇట్లా అరిగే రాయే మన చెలక నేల, మన దుబ్బ నేల.

ఈ గ్రానైటు చల్లారి గట్టిపడినాక దానికి పగుళ్ళు వచ్చాయి. పటలాన్ని ఏదో బలం రెండు వైపులా లాగింది. ఆ చీలికల్లోకి ప్రావారం నుంచి కరిగిన రాయి ఎగదన్ని, అక్కడే బిగుసుకుంది. అదే రైతు మొహం వాడిపోయేలా చేసిన నల్లరాయి. డోలరైటు అంటారు. మన ప్రాంతంలో ఎర్రటి చెలకల నడుమ నల్లటి గుండ్లు వరుసగా, గీత గీసినట్టు కొన్ని కిలోమీటర్లు సాగిపోతాయి. మీ ఊరి దగ్గర అలాంటి వరుస ఉంటే, అది పాతకాలపు చీలిక అన్నమాట. వీటిల్లో కొన్ని దాదాపు 237 కోట్ల ఏండ్ల నాటివి. మహబూబ్‌నగర్ వైపున్నవి కొన్ని దాదాపు 218 కోట్ల ఏండ్ల నాటివి. కాకతీయుల కాలపు గుళ్ళలో అద్దంలా మెరిసే నల్లటి స్తంభాలు ఈ జాతి రాతితోనే చెక్కారు.

రైతు సోదరులకు ఒక మాట. ఈ నల్లరాయి వరుస నేల లోపల గోడలా నిలబడి ఉంటుంది. భూగర్భజలం పారుతూ వచ్చి చాలాచోట్ల దాని ఎగువ వైపున ఆగుతుంది. అందుకే వరుసకు ఒకవైపు బాయిలో నీళ్ళుండి, ఇంకో వైపు బాయి ఎండిపోవడం చూస్తుంటాం. బోరు వేసే ముందు ఆ నల్ల వరుస ఎటు పోతున్నదో, నేల వాలు ఎటు ఉన్నదో చూసుకోండి. వీలైతే భూగర్భజల శాఖ వారిని అడగండి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఫ్లోరైడ్ గురించి చెప్పకుండా పోలేను. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఎన్ని కుటుంబాలు ఆ బాధ పడ్డాయో మనకు తెలుసు. పండ్లు గారపట్టడం, ఎముకలు వంగడం, నడవలేకపోవడం. ఆ ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ నుంచో రాలేదు. ఈ గ్రానైటులోనే ఉంది. ఇందాక మనం చేతిలో పట్టుకొని చూసిన నల్లటి అభ్రకం రేకుల్లో, ఇంకా కొన్ని ఖనిజాల్లో అది కొద్దికొద్దిగా ఉంది. లోతైన పగుళ్ళలో నీళ్ళు ఏండ్ల తరబడి రాయిని అంటిపెట్టుకొని ఉంటే, అది మెల్లమెల్లగా నీళ్ళలోకి దిగుతుంది. బోరు లోతు పెరిగేకొద్దీ రాయితో ఎక్కువ కాలం గడిపిన నీళ్ళు పైకి వచ్చే అవకాశమూ పెరుగుతుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మన బోర్లలో ఎన్నో దాన్ని దాటిపోయాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే దాన్ని వాడారు. మన బాధ పేరు అంత దూరం పోయింది. కృష్ణా నీళ్ళు పైపుల్లో వచ్చాక ఊళ్ళకు ఊపిరాడింది. కానీ పైపు ఆగిన రోజున మళ్ళీ బోరు నీళ్ళు తాగకండి. ఆ నీళ్ళు వంటకు కూడా వాడకండి.

ఇప్పుడు అసలు సంగతి. మన రాయి ఇంత పాతది, ఇంత గట్టిది. కాబట్టి కదలనిది అనుకుంటాం. కానీ అది కదులుతున్నది. మరోసారి చెబుతున్నాను. మన నేల పాతది, మన నేల గట్టిది, అయినా మన నేల ఆగి లేదు.

ఇరవై కోట్ల ఏండ్ల కిందట మన నేల దక్షిణార్ధగోళంలో ఉండేది. అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, మడగాస్కర్, మనం అందరం కలిసి ఒకే ఖండం. గోండుల పేరు మీదుగా దానికి గోండ్వానా అని పేరు. సాక్ష్యం కావాలంటే సింగరేణి గనులకు పోండి. బొగ్గు పొరల దగ్గరి రాళ్ళలో నాలుక ఆకారపు ఆకుల అచ్చులు దొరుకుతాయి. గ్లోసోప్టెరిస్ అనే చెట్టువి. 1912లో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ ప్రాణాలు విడిచింది. చివరిదాకా వాళ్ళు వదలకుండా లాగుకొచ్చిన రాళ్ళలో ఇదే చెట్టు ఆకుల అచ్చులున్నాయి. సింగరేణిలో ఉన్న చెట్టు, మంచు ఖండంలో ఉన్న చెట్టు ఒకటే. జర్మనీకి చెందిన వెగెనర్ అదే 1912లో ఖండాలు కదులుతాయని ప్రకటించాడు. పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. 1960లలో సముద్రపు అడుగున సాక్ష్యాలు దొరికినాక లోకం నమ్మింది.

దానికి ముందే మన దక్కను రాయి సాక్ష్యం చెప్పింది. వికారాబాద్ నుంచి పడమరకు పోతే నల్లటి లావా పొరలు మొదలవుతాయి. అవి 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కిందట పారిన లావా. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజపు రేణువుల అయస్కాంతత్వం ఆనాటి భూ అయస్కాంతం ఎటు వాలి ఉంటే అటే బిగుసుకుంటుంది. భూమధ్యరేఖకు ఎంత దూరంలో చల్లారిందో ఆ వాలు చెబుతుంది. 1950లలో లండన్ నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు దక్కను రాళ్ళ వాలు కొలిచారు. ఈ రాళ్ళు పుట్టినప్పుడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేవని తేలింది. ఇవాళ ఉత్తరాన ఉన్నాయి. అంటే నేలే నడిచి వచ్చింది.

ఎంత వేగంగా నడిచింది? దాదాపు 13 కోట్ల ఏండ్ల కిందట అంటార్కిటికాను వదిలింది. దాదాపు 9 కోట్ల ఏండ్ల కిందట మడగాస్కర్‌ను వదిలింది. ఆ తర్వాత ఒక దశలో ఏడాదికి పదిహేను సెంటీమీటర్లకు మించి పరుగెత్తింది. పలకల్లో అది అరుదైన వేగం. దాదాపు 5 కోట్ల ఏండ్ల కిందట ఆసియాను ఢీకొని నెమ్మదించింది. ఆగలేదు. ఇప్పుడు ఏడాదికి దాదాపు ఐదు సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతున్నది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్ 10న. ఆనాటి నుంచి ఈ ఏడు దశాబ్దాల్లో ఆ చోటు, డ్యాము, నది, మనమూ అంతా కలిసి దాదాపు మూడున్నర మీటర్లు ఈశాన్యానికి జరిగాం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం కట్టి తొమ్మిది వందల ఏండ్లనుకుంటే, ఆ గుడి నలభై ఐదు మీటర్లు జరిగింది. అన్నీ కలిసే జరుగుతున్నాయి కాబట్టి మనకు తెలియదు.

అంత పరుగు ఎట్లా సాధ్యమైంది? ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి 2007లో నేచర్ పత్రికలో ఒక జవాబు ప్రకటించారు. గోండ్వానాలోని తక్కిన ముక్కల కంటే మన పలక పలుచనిదని, దాదాపు వంద కిలోమీటర్లేనని, కింద ఉండాల్సిన లోతైన వేరు కరిగిపోయిందని వాళ్ళ వాదన. అందరూ ఒప్పుకోలేదు. చర్చ నడుస్తూనే ఉంది. ఆ చర్చలో పాలమూరు రాయి ఒకటి సాక్షిగా నిలబడింది.

అది నారాయణపేట వైపుంది. కోటకొండ, మద్దూరు చుట్టుపక్కల కింబర్లైటు అనే అరుదైన రాయి ఉంది. దాదాపు 110 కోట్ల ఏండ్ల కిందట, 150 కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ లోతు నుంచి ఎగదన్ని వచ్చిన రాయి అది. లోకంలో వజ్రాలను పైకి మోసుకొచ్చేది ముఖ్యంగా ఈ జాతి రాయే. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర ఉన్నదీ దీని తోడబుట్టిందే. నారాయణపేట రాళ్ళలో వజ్రాల పంట పండలేదు. కానీ వాటితోపాటు ప్రావారపు తునకలు పైకి వచ్చాయి. ఏ బోరూ పోలేని లోతు నుంచి వచ్చిన ముక్క మన చెలకల్లో చేతికందుతుంది. పలకకు ఆనాడు లోతైన వేరు ఉండేదా, ఎంత లోతు ఉండేది అని వాటిని అడిగి తెలుసుకుంటున్నారు. నన్ను అడిగితే వజ్రం కంటే ఈ ముక్క విలువైనది.

చివరిగా, మనల్ని భయపెట్టిన సంగతి. 2020 జనవరిలో సూర్యాపేట జిల్లా, అంటే మన పాత నల్లగొండ జిల్లానే, చింతలపాలెం, మేళ్ళచెరువు వైపు నేల పదేపదే అదిరింది. జనవరి 26న అర్ధరాత్రి దాటాక వచ్చిన అదురు తీవ్రత 4.6. జనం ఇండ్లలోంచి బయటికి ఉరికారు. 2024 డిసెంబర్ 4న పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లో కూడా తెలిసింది. పలక నడుమ ఉన్న మనకు ఇవెందుకు? మన పలక ఉత్తరాన హిమాలయాల దగ్గర ఆసియాను నెడుతున్నది. ఆ నెట్టుడు ఒత్తిడి పలకంతటా పాకుతుంది. పాత చీలికలున్న చోట, బలహీనమైన చోట, ఎప్పుడో ఒకసారి జారుతుంది. పెద్ద జలాశయాల నీటి బరువు, పగుళ్ళలోకి ఊరే నీరు కొన్నిచోట్ల దాన్ని తొందరపెడతాయి. అంచుల్లో ఉన్నంత ప్రమాదం మనకు లేదు. కానీ అసలే లేదనుకోవద్దు.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారి ఊళ్ళో వచ్చిన భూకంపం ఆ సంగతి చూపించింది. ఆ ఊరు ఒకప్పుడు మన హైదరాబాద్ సంస్థానంలోనిదే. అక్కడ కూడా పాత గట్టి నేల, ఏమీ కాదనుకున్నారు. 6.2 తీవ్రత. పదివేల మంది దాకా పోయారు. చంపింది ఎక్కువగా గోడలే. మందమైన రాతి గోడలు, మధ్యలో మట్టి, పైన బరువైన మట్టి మిద్దె. నిద్రలో ఉన్నవాళ్ళ మీద కూలాయి. అలాంటి పాత ఇండ్లు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. ముసలివాళ్ళు వాటిల్లోనే పడుకుంటున్నారు.

మీ ఇల్లు అలాంటిదైతే, గోడ రెండు వరసల రాళ్ళను అడ్డంగా కలిపి పట్టే పొడుగు రాళ్ళు ఉన్నాయా చూడండి. లేకపోతే మేస్త్రీతో అక్కడక్కడా వేయించండి. గోడ ఉబ్బిన చోట వెంటనే బాగుచేయించండి. మిద్దె మీద ఏటేటా పోసే మట్టిని తగ్గించండి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు తలుపులు, కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ పోయించండి, లోపల ఇనుము వేసి. ఒక్క గోడకు వేసి వదిలేస్తే లాభం లేదు. నాలుగు మూలలా కలవాలి.